త్రిఫోన్ గారి పండగకి పిలవని చుట్టం

ప్లెవెన్ ఊరి దగ్గర వైన్ ఫ్యాక్టరీ ఆఫీసులో ఇరవై రెండేళ్లు కాఫీలు కాచి, గదులు తుడిచినదాన్ని. కంప్యూటర్ సంగతి నాకేం తెలుసు? కానీ జ్లాతినా పనితనం కళ్లారా చూశాను, చెప్పకపోతే నోరూరుకోదు.

ఆ ఫిబ్రవరిలో మా దగ్గర సరుకు కొనేవాళ్లందరికీ వైరస్ మెయిళ్లు వెళ్లాయి. అన్నిటి మీదా ఒకటే పేరు, రైనా. పాపం, చేరి మూడు నెలలే. డైరెక్టర్ త్రిఫోన్ గారు "సాయంత్రానికి సామాను సర్దుకో" అనేశారు.

"నేను పంపలేదు పెద్దమ్మా, ఒట్టు!" అని నా కాఫీ గదిలో కూర్చుని ఒకటే ఏడుపు.

కంప్యూటర్లు బాగుచేసే జ్లాతినా వచ్చింది. పొట్టి మనిషి, మోచేతుల దగ్గర చిరిగిన స్వెటరు. "సాయంత్రం దాకా టైముందిగా" అంది. "పెద్దమ్మా, కవరు మీద పంపినవాళ్ల పేరు ఎవరిదైనా రాయొచ్చు. పోస్టు ముద్ర అబద్ధమాడదు."

మెయిల్‌కీ అలాంటి ముద్రుంటుందట, బయల్దేరిన కంప్యూటర్ అంకెతో. కొన్నవాళ్ల దగ్గర్నుంచి ఒక మెయిల్ తెప్పించి, ఆ అంకె కాగితం మీద రాసుకుంది. బల్లబల్లకీ వెళ్లి చూసింది. రైనాది కాదు. బయటున్న పది కంప్యూటర్లూ చూసింది, ఒక్కటీ కాదు. మిగిలింది పదకొండోది, డైరెక్టర్ గారి మూసిన తలుపు వెనక.

"ఆ తలుపు కొట్టావో, రైనా సంచిలో నీ సామానూ సర్దుకోవాలి" అన్నాడు లెక్కలు రాసే గొరానోవ్.

"నాకున్నది ఒక స్క్రూడ్రైవరే, జేబులో పడుతుందిలే" అని తలుపు కొట్టేసింది! కాఫీ పళ్లెం వంకతో వెనకే దూరాను.

అంకె కలిసింది.

"నేనా? పిచ్చి మెయిళ్లు తెరిచేవాణ్ణా?" ఆయన ముఖం కందిపోయింది.

జ్లాతినా గొంతు పెంచలేదు. "మొన్న మీ పేరు పండగ కదండీ. శుభాకాంక్షలు ఎన్నొచ్చాయి?" మా వైపు ఏ సాధువు రోజున ఆ పేరున్నవాళ్లందరికీ పండగే, పిలవకపోయినా జనం వస్తారు.

"నలభై మూడు!"

"అన్నీ తెరిచారా?"

"పేరు పండగనాడు గుమ్మంలోకొచ్చినవాణ్ణి ఎవడివని అడుగుతామా? ఎవరొచ్చినా కూర్చోబెట్టి..." అంటూనే ఆగిపోయారు.

"ఆ వచ్చినవాళ్లలో ఒకడు వైరసండీ, మీ ఇంట తిని, మీ అడ్రసుల పుస్తకం తీసి, అందులోంచి రైనా పేరు పెట్టుకుని ఊరి మీద పడ్డాడండీ."

త్రిఫోన్ గారు లేచారు. పండగ చాక్లెట్ల డబ్బా తీసుకుని, తానే నడిచి రైనా దగ్గరికెళ్లారు. "తీసుకో తల్లీ. సంచి విప్పు. తప్పు నాది" అన్నారు, అందరి ముందూ.

రైనా కప్పు మళ్లీ బల్లెక్కింది. జ్లాతినాకి కూడా ఓ చాక్లెట్టిద్దామని వెతికితే, ఆయన బల్ల కింద దూరి తీగలు పీకుతోంది. "పెద్దమ్మా, ఆ కాఫీ చల్లారిపోయిందా? పోనీ, ఇటివ్వు."