పండని నీళ్లు

సులామీ కాఫీ కొట్లో గాజు తొట్టి ఇరవై రెండు రోజులుగా చేపల్లేకుండానే ఉంది. అందులో ఉన్నవి ఉప్పునీళ్లు, నాలుగు సముద్రపు రాళ్లు, కుళ్లిపోయిన రొయ్య ఒకటి. కాఫీకొచ్చిన బెస్తలు తొంగిచూసి, రొయ్యనే పెంచుకుంటున్నావా అని ఆమెను ఏడిపించి పోయేవారు.

మొదటిసారి ఆత్రపడి, నీళ్లు పోసిన రోజే మూడు చేపల్ని వదిలింది. మూడో పొద్దుకు మూడూ చచ్చి తేలాయి. "ఈసారీ చస్తే ఆ తొట్టిలో రొయ్యల అప్పడాలు పోసి అమ్ముతాను. మెత్తబడకుండా ఉంటాయి," అని ఆడబిడ్డ తూమిరా తేల్చి చెప్పింది. కొట్లో సగం పెత్తనం ఆవిడదే. అన్నదంటే చేస్తుంది.

చేపలు పట్టి అమ్మే దర్సోనో, నారింజ రంగు మీద తెల్లచారలున్న చేపల జంటను ఆదివారం దాకా ఆపుతానన్నాడు. ఆ తర్వాత అవి సురబాయా నగరానికి పోయే లారీ ఎక్కుతాయి. నీళ్లు మాతాంగ్ అయ్యేదాకా, అంటే పండేదాకా మాత్రం ఆగమని మరీ మరీ చెప్పాడు. రొయ్య కుళ్లితే విషం పుడుతుంది. దాన్ని తినే కంటికానని జీవాలు నెమ్మదిగా పెరుగుతాయి. అవి విషమంతా తినేశాకే చేపలకు చోటు. రోజూ పొద్దున్నే సులామీ గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి మందు చుక్కలు వేసేది. విషముంటే ఊదా, పోతే నీలం. ఊదా. మళ్లీ ఊదా. "ఇంకా మాతాంగ్ కాలేదు," అని నిట్టూర్చేది.

శుక్రవారం లేత నీలం తేలింది. చెప్పులు కూడా మరిచి రేవుకు పరుగెత్తింది. ఆ జీవాలకు చిటికెడు మేత వేసి రేపు మళ్లీ చూడమన్నాడు దర్సోనో. రేపూ నీలమే అయితే జంట ఆమెదే.

తిరిగొచ్చేసరికి తొట్టి సగం ఖాళీ. వంటింట్లో పొయ్యి భగభగా మండుతోంది. తూమిరా పొగలు కక్కే గిన్నెలోంచి చెంబుతో ముంచి తెస్తోంది.

"వదినా, ఆ చెంబు దించు."

"ఎందుకు? మాతాంగ్ కాలేదని రోజూ ఏడుస్తున్నావు కదా. పొయ్యి మీద పెడితే అరగంట పని. మూడు వారాలు కూర్చున్నావు, పిచ్చిదానా."

సులామీకి అప్పుడు వెలిగింది. పండినా మాతాంగే అంటారు, కాగినా మాతాంగే అంటారు. ఇంటింటా కాచి తాగే నీళ్లను అలాగే అంటారు. తను ఒక్కరోజైనా విడమర్చి చెప్పలేదు. అప్పటికే ఒక చెంబు తొట్టిలో పడింది.

ఫోనులో దర్సోనో దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత రాళ్లెక్కడున్నాయని అడిగాడు. తొట్టిలోనే ఉన్నాయంది.

"అయితే ఆ జీవాలు బతికే ఉండొచ్చు. వాటి కాపురం రాళ్ల మీద, నీళ్లలో కాదు. కొత్త నీళ్లు పోసి మేత వెయ్యి."

సముద్రం వీధి దాటితే చాలు. ఇద్దరూ లుంగీలు ఎగ్గట్టి బకెట్లు పట్టారు. సులామీ ఒకటి మోస్తే, తూమిరా గొణుగుతూనే రెండు మోసింది.

శనివారం పొద్దున గొట్టంలో మందు చుక్కలు పడ్డాయి. ఐదు నిమిషాలు ఆగాలి. సులామీ కళ్లు మూసుకుంది. గొట్టాన్ని తూమిరాయే కిటికీ వెలుగులో ఎత్తి పట్టుకుంది.

"నీలమే, కళ్లు తెరువు."

ఆదివారం జంట రాళ్ల చుట్టూ తిరుగుతుంటే, మూడు వారాల్లో కానిది తన ఒక్క చెంబు కాగిన నీళ్లతో అయిందని తూమిరా వచ్చిన ప్రతివాడికీ చెప్పింది. సులామీ కాదనలేదు. తొట్టి మీదనుంచి చూపు తిప్పుకోలేక, రెండు కాఫీల్లో చక్కెర వేయడం మరిచిపోయింది.