పొడి మడి

బడిలో అడుగుపెట్టిన మూడో రోజుకే పిల్లలు అతనికి పేరు పెట్టేశారు. సగం సారు. పూర్తి సారు కావడానికి ఇంకా పన్నెండు వారాల శిక్షణ, ఒక పరిశీలన, ఒక సంతకం మిగిలి ఉన్నాయి కాబట్టి ఆ పేరులో అబద్ధమేమీ లేదు. పిల్లలు పెట్టే పేర్లు ఎప్పుడూ అంతే, తగలాల్సిన చోటే తగులుతాయి.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాల అతన్ని ఆ హైస్కూలుకి వ్యవసాయం పాఠాలు చెప్పమని పంపింది. పుస్తకంలో ఉన్నంతవరకూ వ్యవసాయం అతనికి కొట్టిన పిండి. నేలల రకాలు నిద్రలో లేపి అడిగినా వరసగా చెప్పగలడు. చిక్కేమిటంటే అతను పెరిగింది నాలుగో అంతస్తులో, అక్క బాల్కనీలో పెట్టిన రెండు పూలకుండీల పక్కన. పార ఎటువైపు పట్టుకోవాలో కూడా ఆలోచించి పట్టుకునేవాడు.

మొదటి రోజు, నలభై ఐదు నిమిషాలకని రాసుకొచ్చిన పాఠం పదిహేడు నిమిషాల్లో అయిపోయింది. మిగతా సమయమంతా సుద్దముక్కలు విరుస్తూ, గంట కోసం చెవులు రిక్కించుకుని గడిపాడు. రెండో రోజు పిల్లల్ని బడి వెనక తోటలోకి తీసుకెళ్ళి, వంగ నారు ముందు నిలబడి టమాటా గురించి పది నిమిషాలు మాట్లాడాడు. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఉన్న ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, ఇది వంగ సార్. టమాటా అటుపక్క ఉంది," అంది, దారి తప్పినవాళ్ళకి దారి చెప్పినట్టు.

అప్పుడు నవ్వారు అందరూ. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. పుస్తకం తీసి ఏదో రాసుకుంది.

ఆ అమ్మాయిని అందరూ స్కేలు అనేవారు. ముప్పై సెంటీమీటర్ల చెక్క స్కేలు ఒకటి ఆమె సంచిలోంచి ఎప్పుడూ తల బయటపెట్టి ఉండేది. మొక్క ఎత్తు కొలిచేది, ఆకు వెడల్పు కొలిచేది, కొలిచింది కొలిచినట్టు రిజిస్టరులో గళ్ళు గీసి రాసేది. రిజిస్టరు చివరి గడి పేరు 'గమనిక'. ఇవాళ ఎండ ఎక్కువ, ఇవాళ చీమలు పట్టాయి, ఇలా ఏ రోజు ముచ్చట ఆ రోజు అందులో పడాల్సిందే.

ఆ అలవాటు పెద్ద సారు దగ్గర నేర్చుకున్నది. పెద్ద సారు ముప్పై ఏళ్ళుగా ఆ బడిలో వ్యవసాయం చెప్తున్న మనిషి. సగం సారుని చేతికింద పెట్టుకుని దిద్దాల్సిందీ, చివర్లో బాగా చేశాడని సంతకం పెట్టాల్సిందీ ఆయనే. ఆయన తరగతిలో నియమం ఒక్కటే.

"మొక్క చచ్చిపోయినా నేనేమీ అనను. రిజిస్టరు అబద్ధమాడితే మాత్రం ఊరుకోను," అనేవారు.

వంగ మొక్క పరువు తీసిన సాయంత్రం అక్క అతన్ని బజారుకి లాక్కెళ్ళి రబ్బరు బూట్లు కొనిపెట్టింది. అక్క ఆసుపత్రిలో నర్సు. అమ్మా నాన్నా పోయాక తమ్ముణ్ణి పెంచిందీ చదివించిందీ ఆమే.

"చెప్పులేసుకుని తోటలోకి పోతే ఎవడు లెక్కచేస్తాడురా? ఇవి వేసుకో. పాఠం రాకపోయినా కనీసం వచ్చినట్టుంటావు," అంది. తర్వాత కాస్త మెల్లగా, "నువ్వు గట్టెక్కావంటే నేను నైట్ డ్యూటీలు మానేస్తాను," అంది.

ఆ బూట్ల అడుగున పెద్ద పెద్ద గళ్ళు ఉండేవి. నడిస్తే కీచుకీచుమనేవి. సగం సారు ఎక్కడున్నాడో పిల్లలకి చూడకుండానే తెలిసిపోయేది.

నాలుగో వారం దాటేసరికి అతనికి కాస్త ధైర్యం వచ్చింది. తెలియనిది తెలియదని చెప్పడం నేర్చుకున్నాడు. అలా చెప్పడం మొదలుపెట్టాక పిల్లలు కూడా కాస్త మెత్తబడ్డారు. అతనికి ఎక్కువ నేర్పింది స్కేలే. బెండ మడుల దగ్గరికి తీసుకెళ్ళి తన ప్రయోగమేమిటో విడమరిచి చెప్పింది.

రెండు మడులు. రెండిట్లోనూ ఒకే రోజు వేసిన బెండ విత్తనాలు. ఒకదానికి రోజూ నీళ్ళు పోస్తుంది, అది తడి మడి. రెండోదానికి మొక్కలు నిలదొక్కుకునేదాకా పోసి, ఆ తర్వాత ఇరవై రోజులు చుక్క కూడా పోయదు, అది పొడి మడి. ఇరవై రోజులయ్యాక రెండూ తవ్వి, వేర్లు కొలుస్తుంది.

"నీళ్ళు పైనే దొరికితే వేరు పైనే తిరుగుతుంది సార్. దొరక్కపోతే వెతుక్కుంటూ లోపలికి పోతుందట. ఎంత లోపలికి పోతుందో చూడాలి," అంది.

ఆ చూడ్డం మీద చాలా ఆధారపడి ఉంది. ఏడాదికి ఒక్క ప్రయోగాన్ని ఆ బడి నుంచి వ్యవసాయ కళాశాలకి పంపుతారు. అక్కడ నచ్చితే చేసినవాళ్ళకి ప్రవేశ పరీక్ష లేకుండానే సీటు ఇస్తారు. ఆ సంవత్సరం పెద్ద సారు స్కేలు ప్రయోగాన్నే అనుకున్నారు.

"మా నాన్న ఒక్క ఏడాది గడువిచ్చారు సార్," అంది స్కేలు. "సీటొస్తే చదువు. రాకపోతే మా జిరాక్సు షాపులో కూర్చోవాలి."

పొడి మడికి నీళ్ళు ఆపి పది రోజులయ్యాక ఆ అమ్మాయి తండ్రి మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఉదయం షాపు తీయడం స్కేలు నెత్తిన పడింది. రోజూ బడి గంటకి ముందే వచ్చి మడి కాపలా కాసే పిల్లకి ఇక కుదరలేదు; గంట కొట్టాకే వచ్చి రిజిస్టరు రాసుకునేది.

"ఈ పది రోజులూ పొద్దున్న మీరు కాస్త చూడండి సార్. తోట శుభ్రం చేసే పిల్లలు పొరపాటున నీళ్ళు పోసేస్తారేమోనని భయంగా ఉంది. ఎవ్వర్నీ పోయనివ్వకండి," అని అడిగింది. ఒక అట్టముక్క మీద 'నీళ్ళు పోయరాదు' అని రాసి మడి మధ్యలో గుచ్చింది కూడా.

"నేను చూసుకుంటాలే," అన్నాడు సగం సారు. అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే కదా బాధ.

సరిగ్గా అప్పుడే అతని పరిశీలన తేదీ వచ్చింది. శిక్షణ కళాశాల నుంచి ఒక మేడం వచ్చి అతని పనికి మార్కులు వేస్తుంది. ముందు ఏడాది శిక్షణ ముగించిన మిత్రుడొకడు ఫోనులో సలహా ఇచ్చాడు.

"ఆవిడ ముందు తోట చూస్తుందిరా, పాఠం తర్వాతే వింటుంది. ఎండిన మడి కంటపడిందా, నీ మార్కులూ ఎండినట్టే," అన్నాడు.

మర్నాడు పొద్దున్న సగం సారు పొడి మడి ముందు నిలబడ్డాడు. ఆకులు వేలాడిపోయి, అంచులు పసుపెక్కి ఉన్నాయి. ప్రయోగమని మేడంకి చెప్పవచ్చు. చెప్తే అర్థం చేసుకుని ఉండేదేమో కూడా. కానీ భయం పట్టినవాడికి బుర్ర పనిచేయదు. ఒక్క చెంబెడు పోస్తే ఏమవుతుంది, మొక్కకి ప్రాణం లేచొస్తుంది, వేరు ఎక్కడికి పోతుంది, అనుకున్నాడు. ఒక్క చెంబుతో ఆగలేదు. మర్నాడు ఇంకొకటి, ఆ మర్నాడు ఒక డబ్బాడు. మేడం వచ్చే రోజుదాకా, ఆ తర్వాత మళ్ళీ వస్తుందేమోనని ఇంకో రెండు రోజులు, మొత్తం పది ఉదయాలు అతను గంట కొట్టకముందే తోటలోకి వెళ్ళి, 'నీళ్ళు పోయరాదు' అన్న అట్టముక్క చుట్టూ నీళ్ళు పోశాడు. కంచే చేను మేస్తే కాపాడేవాడెవడని మనవాళ్ళు ఊరికే అనలేదు.

మేడం వచ్చింది. తోట చూసి ముఖం విప్పార్చింది. బెండ మడుల దగ్గర స్కేలు తన ప్రయోగం గురించి చెప్పింది.

"ఇందులో నీళ్ళు లేని మడి ఏది?" అని అడిగింది.

"ఇదండీ," అంది స్కేలు.

"నీళ్ళు లేకుండానే ఇంత పచ్చగా ఉందా? బాగుంది," అంటూ మేడం కాగితం మీద ఏదో రాసుకుంది. స్కేలు తల వంచుకుని కిందికి చూస్తూ నిలబడింది. పెద్దవాళ్ళ ముందు బిడియపడుతోందనుకున్నాడు సగం సారు.

ఇరవయ్యో రోజు తరగతంతా చుట్టూ చేరగా పెద్ద సారు దగ్గరుండి తవ్వించారు. మట్టి కడిగి, వేర్లు తెల్లగుడ్డ మీద పరిచారు. స్కేలు మోకాళ్ళ మీద కూర్చుని కొలిచింది. తడి మడి వేరు ఇరవై నాలుగు సెంటీమీటర్లు. పొడి మడి వేరు ఇరవై ఆరు. అంతకంటే ఘోరం, పొడి మడి మొక్కలకి పైపైనే తెల్లటి పీచువేర్లు కొత్తగా గుత్తులు గుత్తులుగా పుట్టుకొచ్చి ఉన్నాయి.

పెద్ద సారు ఆ పీచువేర్లని వేలితో విడదీసి చూశారు. మడిలోంచి పిడికెడు మట్టి తీసి నలిపారు. అది పొడిపొడిగా రాలకుండా ముద్దయింది.

"ఇరవై రోజులు నీళ్ళు తాగని మట్టి కాదమ్మా ఇది," అంటూ రిజిస్టరు తెరిచారు. "ఈ పేజీ నిండా 'నీళ్ళు లేవు' అని రాశావు. నువ్వు పోశావా?"

"లేదు సార్."

"మరి ఎవరు పోశారు?"

స్కేలు ఒక్కసారి తలెత్తి సగం సారు వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. తరగతిలో ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగినట్టు ఆగింది, అంతే. అతను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నోరు తెరిస్తే మూడే మాటలు, నేనే పోశాను సార్ అని. సంతకం కావలసిన అతని కాగితం పెద్ద సారు బల్ల మీద ఉంది. అక్క మొహం కళ్ళముందు ఆడింది. చూపు వేర్ల మీదికి తిప్పుకున్నాడు.

పెద్ద సారు రిజిస్టరు మూసి ఆమె చేతికిచ్చారు. మరో పేజీ తిప్పలేదు.

"మొక్క ఎండిపోతుందని జాలిపడి పోసి ఉంటావు. పోసినందుకు నాకు కోపం లేదు. పోయలేదని రాసినందుకు ఇది పంపలేను," అన్నారు.

శిక్షణలో ఇంకా నాలుగు రోజులు మిగిలాయి. రేపు చెప్తాను, సంతకం అయ్యాక చెప్తాను అనుకుంటూ సగం సారు ఆ నాలుగూ దొర్లించాడు. నాలుగో రోజు పెద్ద సారు సంతకం పెట్టి, అతని భుజం తట్టారు.

"నువ్వొచ్చాక తోటకి కళ వచ్చిందయ్యా," అన్నారు. ఆ మాట విన్నాక ఇంకేం చెప్తాడు. దండం పెట్టి వచ్చేశాడు. ఆ రాత్రి అక్క కంటతడి పెట్టుకుంది, సంతోషంతో. అతను అన్నం సగంలో వదిలేశాడు.

మూడు నెలలకి సర్టిఫికెట్టు చేతికొచ్చింది. ఉద్యోగాలకి దరఖాస్తు చేయాలి, కాపీలు కావాలి. విద్యాశాఖ కార్యాలయం ఎదుటి వీధిలో కనబడిన మొదటి జిరాక్సు షాపులోకి వెళ్ళాడు. కౌంటరు వెనక స్కేలు ఉంది.

"రండి సార్. ఎన్ని కాపీలు?" అంది, ఎప్పటిలాగే మర్యాదగా.

"ఐదు," అన్నాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనిపించింది కానీ సర్టిఫికెట్టు కౌంటరు మీద పెట్టాడు.

ఆమె సర్టిఫికెట్టు తీసుకుని, అంచులు చెక్క స్కేలుతో సరిచూసి, మిషను మీద బోర్లించింది. కౌంటరు మీద పాత రిజిస్టరు ఒకటి తెరిచి ఉంది. చూడగానే గుర్తుపట్టాడు.

"పేజీలు మిగిలిపోయాయి కదా సార్. షాపు పనులు రాసుకుంటున్నాం," అంది, వెనక్కి తిరక్కుండానే.

అడక్కుండానే అతని వేళ్ళు పేజీలు వెనక్కి తిప్పాయి. బెండ మడుల గళ్ళు వచ్చాయి. రెండో పేజీలో, పదకొండో రోజు నుంచి 'నీళ్ళు' అన్న గడిలో 'నేను పోయలేదు' అని ఉంది. పక్కన గమనిక గడిలో చిన్న అక్షరాలు. 'మట్టి తడిగా ఉంది. రబ్బరు బూట్ల అడుగు, గళ్ళ గుర్తు.' పన్నెండో రోజు, 'మళ్ళీ తడి. గళ్ళ గుర్తు.' మేడం వచ్చిన రోజున, 'అడుగుల గుర్తు సారు బూట్లతో సరిపోయింది.' ఇరవయ్యో రోజుదాకా ఒక్క ఉదయం కూడా తప్పిపోలేదు. రిజిస్టరు అబద్ధమాడలేదు.

కింద ఇంకో నాలుగు తేదీలున్నాయి. మడులు తవ్వేశాక రాసినవి, కొలతల గళ్ళు ఖాళీ. గమనిక మాత్రం ఉంది.

'సారు చెప్పలేదు. రేపు చెప్తారు.'

'రేపు చెప్తారు.'

'రేపు చెప్తారు.'

'సారు వెళ్ళిపోయారు.'

మిషను ఆగింది. అతను తలెత్తేసరికి ఆ అమ్మాయి ఐదు కాపీలూ సర్ది పట్టుకుని నిలబడి ఉంది. చదివాడని ఆమెకి తెలుసు.

"ఇది పెద్ద సారుకి ఎందుకు చూపించలేదమ్మా?" అన్నాడు.

"మీరు చెప్తే బాగుంటుంది కదా సార్."

"ఇప్పుడే వెళ్తాను. ఇప్పుడే వెళ్ళి చెప్తాను."

"చెప్పండి సార్," అంది స్కేలు. "సీటు మాత్రం పక్క బడి వాళ్ళకి ఇచ్చేశారు, మొన్ననే. మా నాన్న కూడా రెండో మిషను కొనేశారు." ఆ మాటల్లో దెప్పిపొడుపు లేదు. ఉంటే కాస్త ఓర్చుకోగలిగేవాడేమో. "అసలుది మడవకండి సార్, గీత పడుతుంది," అంటూ కాగితాలు అతని చేతిలో పెట్టింది.

తర్వాత రిజిస్టరు తనవైపు తిప్పుకుని, ఆ రోజు తేదీ వేసి, అవే చిన్న అక్షరాలతో రాసింది. 'ఉపాధ్యాయ సర్టిఫికెట్టు, ఐదు కాపీలు.' పక్కన గమనిక గడి ఉంది. ఆమె అందులో ఏదైనా రాస్తుందేమోనని అతను నిలబడి చూశాడు. ఆమె కలం మూసి, అతని వెనక నిలబడ్డ మనిషిని ఎన్ని కాపీలు కావాలని అడిగింది.