ఉదయగిరి అవ్వ చేతులు

ప్రతి ఆదివారం పొద్దున మా అత్తమ్మ తన చేతుల బంగారు గాజులు తీసి నాకిస్తుంది. ఎవరైనా చూస్తే ఎంత మంచి అత్తో అనుకుంటారు. పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఆ గాజులు ఒక్కసారి కూడా నా చేతికి రాలేదు. వీడియో తీసే రోజున మాత్రం వస్తాయి. నా చేతులు ఆమెవాటికంటే పెద్దవి, సబ్బు రాసుకుంటే తప్ప ఎక్కవు. పని అయిపోగానే మళ్లీ సబ్బు రాసి తీసి, కడిగి, తుడిచి ఆమెకు అందించాలి. కడగడం మరిచిపోతే "జిడ్డు చేసినావే" అంటుంది.

మా ఆయన నాగేంద్రబాబుకు ఆత్మకూరులో పురుగుమందుల అంగడి ఉంది. దాంతోపాటు ఒక వంటల చానెల్ కూడా నడుపుతాడు. పేరు 'ఉదయగిరి అవ్వ వంటలు'. అవ్వ అంటే మా అత్తమ్మ ఆదిశేషమ్మ. ఇస్త్రీ చీర కట్టుకుని పొయ్యి ముందు కూర్చుని, గరిటె పట్టుకుని, "బాగుండారా బిడ్డలారా" అంటుంది. అక్కడితో ఆమె పని సరి. ఆ తర్వాత ఫోను కిందికి వంగి చేతులను మాత్రమే చూపిస్తుంది. ఆ చేతులు నావి. చేపలు తోమేది, సంగటి కెలికేది, దోసె మీద ఎర్రకారం పూసేది నా చేతులు. గాజులు ఆమెవి. వెనక నుంచి మా ఆయన గొంతు వినిపిస్తూ ఉంటుంది. "చూడండి, ఈ వయసులో కూడా అవ్వ చెయ్యి ఎట్టా ఆడతా ఉండాదో."

నేను కనిపిస్తే ఏం పోతుందని మొదట్లో ఒకసారి అడిగాను. "జనానికి అవ్వ కావాల. నిన్నెవురు చూస్తారు?" అన్నాడు, అన్నం కలుపుకుంటూ, తలెత్తకుండా. నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. వారమంతా పిల్లలతో అరిచి అరిచి గొంతు పోతుంది. ఉన్న ఒక్క సెలవూ రుబ్బడానికి, తరగడానికి, వీడియో అయ్యాక ఆ గిన్నెల కుప్ప తోమడానికి సరిపోతుంది. తోమే చేతులను ఎవరూ వీడియో తీయరు. సోమవారం బడికి వెళితే మాతో పనిచేసే లిదియమ్మ టిఫిన్ డబ్బా తెరుస్తూ, "నీకేం ప్రమీలా, పెట్టి పుట్టినావు. వండిపెట్టే అత్త దొరికింది" అంటుంది. పాపం, ఆమె తప్పేముంది. చూసింది నమ్మింది. నేను నవ్వి ఊరుకుంటాను. అలా నవ్వడం కూడా ఇంటిపనిలో ఒక భాగమే అయిపోయింది.

మొన్నామధ్య చానెల్ చూసేవాళ్లు తగ్గారట. సంగటి, పులుసు జనానికి మొహం మొత్తాయట. "మీ అమ్మ ఒకసారి తెల్లదోసె చేసినాదే, అది చేసెయ్" అన్నాడు మా ఆయన. 

తెల్లదోసె కాదు, దాని పేరు పాన్‌పోళో. అమ్మ పేరు వత్సల. పుట్టింది పడమటి సముద్రం ఒడ్డునున్న కార్వార్‌లో, మాట్లాడేది కొంకణి. నాన్నది దుత్తలూరు. బ్యాంకు ఉద్యోగం మీద కార్వార్ వెళ్లి, అక్కడ అమ్మను ఇష్టపడి చేసుకున్నాడు. నేను హైస్కూల్లోకి వచ్చేనాటికి ఆత్మకూరు బదిలీ చేయించుకున్నాడు. పాన్‌పోళోకు నానబెట్టిన బియ్యం, పచ్చికొబ్బరి కలిపి మెత్తగా రుబ్బి, పిండిని మజ్జిగలా పల్చగా చెయ్యాలి. పులియబెట్టకూడదు. బీడు పెనం బాగా కాలాక సగం కోసిన ఉల్లిపాయతో నూనె రుద్ది, గరిటెతో తిప్పకుండా పోసెయ్యాలి. మూతపెట్టి, తిరగెయ్యకుండానే తీసి మడత పెట్టాలి. తెల్లగా, మెత్తగా, ఒళ్లంతా చిల్లులతో వస్తుంది. కొబ్బరి, బెల్లం నంజుకుని తినేవాళ్లం. చిన్నప్పుడు నేనే పోస్తానని మారాం చేసి, పెనం అంచు తగిలి కుడి మణికట్టు కాల్చుకున్నాను. అమ్మ తనకే కాలినట్టు ఏడుస్తూ తేనె రాసింది. ఆ మచ్చ ఇంకా ఉంది. అత్తమ్మ గాజులు సరిగ్గా దాని మీదే కూర్చుంటాయి.

పెళ్లయిన కొత్తలో, నాన్న రిటైరై వాళ్లు దుత్తలూరు చేరాక, అమ్మ మా ఇంటికొచ్చి, వియ్యంకులకు తన చేత్తో ఒక పూట చేసి పెడతానని సరదాపడింది. ఆ పెనం కూడా తనే మోసుకొచ్చింది. పొద్దున్నే లేచి రుబ్బి, చెమటలు కక్కుతూ పోసింది. అత్తమ్మ ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, "ఏందిది, ఉప్పూ లేదు, పులుపూ లేదు. తడిగుడ్డ నమిలినట్టుండాది" అంది. మామయ్య జనార్దనయ్య "జరం వచ్చినోళ్లకు బాగుంటాదిలే" అని చెయ్యి కడుక్కున్నాడు. మా ఆయన నవ్వాడు. ఉదయగిరి నుంచి కాపురం మార్చేటప్పుడు బర్రెను కూడా వెంట తోలుకొచ్చుకున్న ఇల్లు మాది. మిగిలినవన్నీ అత్తమ్మ తీసుకెళ్లి కుడితి తొట్టిలో వేసింది. బర్రె తినడం అమ్మ వంటింటి కిటికీలోంచి చూసింది. పెనం తోమి నా చేతికిచ్చి, "వాళ్లకు అలవాటు లేదులేమ్మా" అని నాకే సర్దిచెప్పి, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయింది. ఆ రోజు నేను ఏడవలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

అయినా చేశాను. అమ్మ వంట నలుగురూ చూస్తారు కదా అని ఒక పిచ్చి ఆశ. గాజులు ఎక్కించుకుని ఒక్కటి కూడా చిరగకుండా పోశాను. తయారైన వీడియో చూస్తే మా ఆయన గొంతు ఇలా అంటోంది. "ఇది అవ్వకు వాళ్లవ్వ నేర్పిన పాత వంట. మా ఉదయగిరి కొండ కింద పల్లెల్లో ఎప్పట్నుంచో చేస్తా ఉండారు." జొన్నలూ సజ్జలూ పండే మెట్టపొలాల్లో పచ్చికొబ్బరి రుబ్బి దోసెలు పోసుకున్న ఆ అవ్వ ఎవరో నాకైతే తెలియదు. మా అమ్మ వంటని చెప్పొచ్చు కదా అన్నాను. "ఎవురు నేర్పితే ఏంది? తినేదానికి పేరెందుకు?" అన్నాడు. పేరెందుకన్న మనిషే చానెల్‌కు అవ్వ పేరు పెట్టుకున్నాడు.

ఆ వీడియో ఊళ్లు దాటి పోయింది. అంగడికి వచ్చినవాళ్లంతా అవ్వ తెల్లదోసె గురించే అడిగారట. నాన్న పోయాక అమ్మ కార్వార్‌లో పిన్ని ఇంట్లో ఉంటోంది. రెండు రోజుల తర్వాత, నేను బడి వరండాలో ఉండగా ఫోను చేసింది.

"ప్రమీ, వీడియో చూశాను. మీ అత్తగారికి పాన్‌పోళో వచ్చని నువ్వెప్పుడూ చెప్పలేదే. ఎంత చక్కగా పోసిందో, అంచు ఒక్కచోట కూడా చిరగలేదు. వాళ్ల అవ్వ నేర్పిందట కదా. అందుకే ఆ రోజు నావి నచ్చలేదు కాబోలు. కొబ్బరి తక్కువ వేశానో ఏమో. నువ్వు కూడా ఆవిడ దగ్గర కూర్చుని నేర్చుకో తల్లీ."

నా చేతికి సుద్దపొడి అంటుకుని ఉంది. ఆ చేతిని చూసుకుంటూ నిలబడ్డాను. పలక మీద దిద్దించి, తలంటి, గోళ్లు కత్తిరించి, కాలితే తేనె రాసి పెంచిన చేతులివి. వీటిని పెంచిన మనిషే చూసి ఇంకెవరివో అనుకుంది. ఇన్నాళ్లూ నా పేరు పోతే పోయిందిలే అని ఊరుకున్నాను. ఇప్పుడు మా అమ్మకే ఆమె వంట చేతకాదని ఆమె నోటితోనే అనిపించారు. అమ్మా, అవి నా చేతులే అనబోయి ఆగిపోయాను. చెవిలో చెప్పి సరిపెట్టుకునే మాట కాదది. అందరి ముందూ పోయింది అందరి ముందే రావాలి.

జనం అడుగుతున్నారని మా ఆయన ఆదివారం లైవ్ పెట్టాడు. అవ్వ అందరూ చూస్తుండగానే తెల్లదోసె పోస్తుందని మూడు రోజులు చాటింపు వేశాడు. నేను శనివారమే పిన్నికి ఫోను చేసి, అమ్మకు టీవీలో పెద్దగా పెట్టి చూపించమని చెప్పాను.

ఆదివారం అత్తమ్మ అలవాటుగా గాజులు తియ్యబోయింది. "ఈ రోజు మీ చేతికే ఉండనీండి అత్తమ్మా" అన్నాను. ఆమె వింతగా చూసి, సరేలే అన్నట్టు మళ్లీ తొడుక్కుంది. మా ఆయన ఫోనుతో కుస్తీ పడుతూ అది గమనించలేదు. లైవ్ మొదలైంది. అత్తమ్మ ఎప్పటిలా "బాగుండారా బిడ్డలారా" అంది. ఫోను పెనం మీదికి వంగింది. నా బోడి చేతులు పెనానికి నూనె రుద్దాయి. మా ఆయన కళ్లు పెద్దవి చేసి, మణికట్టు చూపిస్తూ సైగలు చేశాడు. నేను పిండి కలుపుతూ ఉండిపోయాను. ఇక చేసేదిలేక ఆయన జనం రాస్తున్న ప్రశ్నలు పైకి చదవడం మొదలుపెట్టాడు.

"అవ్వా, ఈ రోజు గాజులేసుకోలేదేం..." అని చదివేశాక గానీ ఏం చదివాడో ఆయనకు తెలియలేదు.

"ఏసుకోనే ఉండానే, ఇదో" అని అత్తమ్మ పక్క నుంచి రెండు చేతులూ పెనం ముందుకు చాపింది.

నవ్వు ఆపుకోలేకపోయాను. పెనం మీద బంగారు గాజుల చేతులు రెండు, పిండి పోస్తున్న చేతులు రెండు. అవ్వకు నాలుగు చేతులు మొలిచాయని ఎంత మంది చూశారో.

"గాజుల చేతులు మా అత్తమ్మవి" అన్నాను, మూతపెడుతూ. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పోస్తా ఉండే చేతులు నావి. మొదటి వీడియో నుంచీ నావే. నా పేరు ప్రమీలారాణి. ఇది ఉదయగిరి వంట కాదు, మా అమ్మ వత్సలది. కార్వార్‌లో నేర్పింది. ఈ మచ్చ అప్పటిదే." మణికట్టు ఫోనుకు దగ్గరగా పెట్టాను. మూత తీసి, పాన్‌పోళోను మడత పెట్టి పళ్లెంలో వేశాను. అప్పటికి గానీ మా ఆయన చెయ్యి ఫోను మీదికి పోలేదు.

"పరువు తీసినావే" అని లైవ్ ఆపేసి అరిచాడు. "అంగట్లో నా మొగం ఎట్టా చూపించేది? మా అమ్మనైనా తలుచుకోలేదే నువ్వు."

"నన్నెందుకురా మధ్యలోకి లాగతావు?" అంది అత్తమ్మ విసుగ్గా. "ఆ పిల్ల చేసేది నేను చేసినానని చెప్పమన్నింది నువ్వేగా."

ఇంతలో నా ఫోను మోగింది. అమ్మ. ముందు ముక్కు ఎగబీల్చడం వినిపించింది. తర్వాత "మొద్దుపిల్లా, పెనానికి అంత దగ్గరగా చెయ్యి పెట్టకు, మళ్లీ కాలుతుంది" అంది. అప్పుడు ఏడ్చాను.

ఫోను పెట్టేసరికి మా ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. గొంతు తగ్గించాడు. "సరే, అయిందేదో అయింది. వచ్చే ఆదివారం చేపల పులుసని చెప్పేసినాను. ఎవురు చేస్తారు?"

నేను పళ్లెం ముందు కూర్చుని, వేడిగా ఉన్న పాన్‌పోళో తుంచుకున్నాను.

"అత్తమ్మ దగ్గర గాజులుండాయి, తొట్టి దగ్గర సబ్బుండాది" అన్నాను. "బాగా రాసుకోండి, మీ చేతులకు కూడా ఎక్కుతాయి."