వెనక వరసలో ఊపిరి

మా హాలు సైకిల్ రిపేరు షాపు పైన ఉంది. ఇరుకు మెట్లు, పైన పొడవాటి గది, ఒక గోడంతా కిటికీలు. ఆ ఒక్క గదినే ముగ్గురం పంచుకుంటాం. పొద్దున్న నాది. మధ్యాహ్నం అందరూ స్ప్రింగు అని పిలిచే మాస్టారిది. సాయంత్రం జేగంట మేడమ్‌ది. కింద బోర్డు మీద ముగ్గురి పేరునా యోగా అనే రాసి ఉంటుంది గానీ, మావి మూడు వేరు వేరు దారులు.

నాది ఆసనం. పాదం ఎక్కడ పడాలి, మోకాలు ఎటు చూడాలి, భుజం ఎంత జారాలి అన్నది చూసి, చేత్తో తాకి సరిచేస్తాను. ఒంటిని దారిలో పెడితే మనసు దానంతటదే దారికొస్తుందని నా నమ్మకం. స్ప్రింగు దగ్గర ఆగడమన్న మాటే లేదు. ఒక ఆసనంలోంచి ఇంకోదానిలోకి పోతూనే ఉంటారు, చెమటకి చాప తడిసిపోవలసిందే. జేగంట మేడమ్‌ది కుండలిని. అక్కడ వంగేదీ తక్కువ, లేచేదీ తక్కువ. వెన్ను నిటారుగా పెట్టి, కళ్లు మూసుకుని కూర్చుంటారు. కాసేపు పొట్ట ఎగరేస్తూ కొలిమితిత్తిలా ఊపిరి ఊదుతారు. కాసేపు మంత్రం పాడతారు. తర్వాత ఊపిరంతా బయటికి వదిలేసి, ఖాళీగా ఉండిపోతారు. వెన్ను అడుగున చుట్టచుట్టుకుని పడుకున్న శక్తి అప్పుడు లేచి పైకి పాకుతుందట. ఆఖర్న మేడమ్ ఓ పెద్ద కంచు పళ్లేన్ని మోగిస్తుంది. ఆ పేరు అందుకే వచ్చింది.

పాకుతుందో పడుకునే ఉంటుందో నాకు తెలియదు. వాళ్లలో ఒక్కరికి కూడా వంగి కాలివేళ్లు అందుకోవడం చేతకాదని మాత్రం తెలుసు. ఈ మాట నలుగురిలో అని నవ్వించేదాన్ని కూడా. మా చెల్లి వెళ్లి ఆ క్లాసులో చేరిందని తెలిసినప్పుడు నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండింది.

"ఇంట్లో నన్ను పెట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్లడమేంటే?"

"నీ దగ్గర ఊపిరి వినిపించదక్కా," అంది చెల్లి. "నువ్వు మాట్లాడుతూనే ఉంటావు."

మొహం ముడుచుకున్నాను గానీ, అది నిజమే.

అమ్మ సంగతి ఇక్కడే చెప్పాలి. అమ్మ నా క్లాసుకే వచ్చేది. వెనక వరసలో, కిటికీ పక్కన, ఆకుపచ్చ చాప. ఉబ్బసం మనిషి. ఊపిరి వదిలినప్పుడల్లా ఆఖర్న సన్నగా ఈల వచ్చేది, మూత సందులోంచి ఆవిరి పోయినట్టు. మేమిద్దరం ఆ ఈల వింటూనే పెరిగాం. పక్కగదిలో అది వినిపిస్తే చాలు, మాకు నిద్ర పట్టేది.

హాల్లోకి వస్తే మాత్రం నన్ను కూతురిలా చూసేది కాదు. ఒకసారి "అమ్మా, మోకాలు వంచకు" అన్నానని, అందరూ వెళ్లాక నన్ను నిలబెట్టి చీవాట్లు పెట్టింది. "ఇక్కడ నేను నీకు అమ్మనేంటి? అందరికీ ఎలా చెప్తావో నాకూ అలాగే చెప్పు. టీచర్లా చెప్తేనే వింటా." అన్నంత పనీ చేసింది. అమ్మా అని పిలిస్తే పలికేదే కాదు. క్లాసు మొదలుపెట్టేముందు నేను "వెనకాల వాళ్లకి వినిపిస్తోందా అండీ?" అని అడిగితే, అందరికన్నా ముందు "వినిపిస్తోందండీ టీచరుగారూ!" అని గొంతెత్తి పలికి హాలంతా నవ్వించేది.

నా క్లాసు శవాసనంతో ముగుస్తుంది. అందరూ వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుంటారు. కళ్లు తెరిచి ఉండేది టీచరు ఒక్కతే. పడుకున్నవాళ్లని వెనక్కి తీసుకురావలసిందీ టీచరే. వేళ్లు కదపండి, కుడివైపుకి తిరగండి, చేతి ఊతతో లేచి కూర్చోండి, అరచేతులు రుద్ది కళ్ల మీద పెట్టుకోండి, మెల్లగా కళ్లు తెరవండి. ఈ మాటలు పడేదాకా ఎవరూ లేవకూడదు. అది మా పద్ధతి.

పోయిన చలికాలం ఒక పొద్దున్న, శవాసనంలో, అమ్మ ఈల ఆగిపోయింది. నేను పరిగెత్తుకుంటూ వెళ్లి చెయ్యి పట్టుకునేసరికే అంతా అయిపోయింది. గుండె అన్నాడు డాక్టరు. నిద్రలో వెళ్లినట్టు వెళ్లింది, అదృష్టవంతురాలన్నాడు. ఆ గందరగోళంలో ఎవరికి వాళ్లు లేచి తలో దిక్కూ అయ్యారు. ఆ రోజు చివరి మాటలు ఎవరూ చెప్పలేదు.

ఆకుపచ్చ చాపని చుట్టి హాలు మూలన నిలబెట్టాను. ఇంటికి తెచ్చుకునే ధైర్యం లేదు, పారేసే మనసూ లేదు. వెనకాల వాళ్లకి వినిపిస్తోందా అని అడగడం మాత్రం మానేశాను.

చెల్లికి బట్టలు సరిచేసే కొట్టు ఉంది. ప్యాంట్లు పొట్టి చేస్తుంది, కోట్లు బిగిస్తుంది, జిప్పులు మారుస్తుంది. కుండలినిలో చేరిన కొత్తలో కాస్త తేరుకుంది. నిద్ర పడుతోందంది. పోనీలే, ఎక్కడైతేనేం అని నేనూ సరిపెట్టుకున్నాను.

ఒక మధ్యాహ్నం కొట్టుకి వెళ్లాను. చెల్లి కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. వీపు నిటారుగా ఉంది, కళ్లు అరమోడ్పుగా ఉన్నాయి. సూది కింద ఎవరిదో కోటు చెయ్యి. చక్రం తిరగట్లేదు. పంటితో తెంపిన దారం ముక్క ఒకటి పెదవికి అంటుకుని, ముక్కు ముందు వేలాడుతోంది. అది కదలట్లేదు. బయట బండ్లు పోతున్నాయి. ఎవరో తలుపు తీసి, లోపలికి చూసి, మళ్లీ చప్పుడు కాకుండా మూసి వెళ్లిపోయారు. దారం కదలలేదు. చెల్లి పెదాల రంగు మారుతోంది.

"ఏమే!" అని భుజం పట్టి కుదిపేశాను.

నీళ్లలోంచి తేలినట్టు గుప్పున గాలి పీల్చింది. నన్ను చూసి విసుక్కుంది.

"ఎందుకు కదిపావు? ఇప్పుడిప్పుడే వినిపిస్తోంది."

"ఏం వినిపిస్తోంది?"

నీళ్లు నమిలింది. నేను వదిలే రకం కాదు. చివరికి నా మొహం చూడకుండా, కోటు మడతపెడుతూ చెప్పింది.

"అమ్మ."

నేను స్టూలు లాక్కుని దాని ఎదురుగా కూర్చున్నాను.

"సాయంత్రం క్లాసులో అందరం ఊపిరి వదిలేసి ఆపుతాం కదా. అప్పుడు హాల్లో ఎవరికీ ఊపిరి ఉండకూడదు. కానీ ఒకరు తీస్తున్నారక్కా. వెనకాల, కిటికీ పక్కన. తీసి, వదిలి, ఆఖర్న ఈల. నేను గాలి పీలిస్తే ఆ చప్పుట్లో అది పోతుంది. అందుకే పీల్చను. మొదట హాల్లోనే వినిపించేది. ఇప్పుడు ఎక్కువసేపు ఆగగలిగితే ఇక్కడా వినిపిస్తోంది, దూరంగా."

"పిచ్చిదానా, చచ్చిపోతావే!"

"ఏం కాదులే," అంది నెమ్మదిగా. "ఇంకాస్త ఆగితే మాట కూడా వినిపించేలా ఉంది."

ఆ నెమ్మదికే నాకు భయమేసింది. మా చెల్లికి కోపం ముక్కు మీదే ఉంటుంది. చిన్నప్పట్నుంచీ నేను ఒకటంటే అది నాలుగంటుంది. ఆ రోజు ఒక్కటి కూడా అనలేదు. అమ్మ పోయాక నాకు మిగిలింది అదొక్కతే. అది కూడా చేతుల్లోంచి జారిపోతోందని ఆ దారం ముక్క చూశాకే నాకు తెలిసింది.

నేరుగా హాలుకి వెళ్లాను. స్ప్రింగు క్లాసు అప్పుడే అయిపోయింది. జేగంట మేడమ్ గుడ్డతో కంచు తుడుస్తోంది. పొట్టి మనిషి, ఎప్పుడూ మేజోళ్లతోనే ఉంటుంది. నోటికొచ్చినట్టు అడిగేశాను.

"మీరు నేర్పిస్తోంది యోగానా, ఇంకేమన్నానా? నా చెల్లి ఊపిరి తీయడం మానేస్తోందండీ!"

మేడమ్ గుడ్డ పక్కన పెట్టింది.

"నేను కాసేపే ఆపమంటాను తల్లీ. గుండె జబ్బులున్నవాళ్లని, కడుపుతో ఉన్నవాళ్లని అసలు ఆపనివ్వను. అందరూ తీశాక మీ చెల్లిని వీపు తట్టి మరీ తీయిస్తున్నా. ఇక రావద్దని కూడా చెప్పా. చెప్తే మెట్ల మీద కూర్చుని ఆపింది. కళ్లముందు ఉంటేనే నయమని మళ్లీ రానిచ్చా."

"అదంతా భ్రమ అని చెప్పొచ్చుగా!"

మేడమ్ పళ్లెం చేతికి తీసుకుంది. కంచులో తన మొహం చూసుకుంటూ నిలబడింది.

"మొదట్లో కింద షాపులో సైకిల్‌కి గాలి కొడుతున్నారనుకున్నా," అంది. "షాపు మూసి ఉన్న రోజు కూడా వినిపించింది."

నా కోపం ఎటు పోయిందో తెలియదు.

"మరి ఇంత గంట ఉందిగా, లేపలేకపోయారా?"

"ఆవిడ కోసమే మోగించా, అందరూ వెళ్లాక. లేవలేదు. మా వాళ్లు గంట మోతకి లేస్తారు. ఆవిడ మా పద్ధతి మనిషి కాదుగా. మా దగ్గర ఊపిరే గురువు. మనిషి దాని వెంటే పోతాడు, దాని వెంటే వస్తాడు. మీ దగ్గర అలా కాదు. మీరు పడుకోమంటే పడుకుంటారు, మీరు లెమ్మంటే లేస్తారు. ఆవిడ్ని పడుకోబెట్టింది మీరు. ఇంకా ఎవరూ లెమ్మనలేదు."

"రోజూ పొద్దున్న ఇక్కడే ఉంటానే, నాకెందుకు వినిపించలేదు?"

"మీరు మాట్లాడుతూ ఉంటారు కదా తల్లీ," అంది మేడమ్.

ఆ సాయంత్రం నేను మొదటిసారి ఆ క్లాసులో కూర్చున్నాను. అంతకుముందే వెనక వరసలో, కిటికీ పక్కన ఆకుపచ్చ చాప పరిచాను. చాలాకాలం చుట్టి ఉండటం వల్ల రెండు కొసలూ పైకి లేచిపోతున్నాయి. ఎంత అదిమినా నిలవలేదు. చెల్లి వచ్చి, చాపనీ నన్నూ చూసి, దాని ముందే కూర్చుంది.

లైట్లు తీసేశారు. కిటికీల్లో సంధ్యవెలుగు మాత్రం ఉంది. ఊపిరి ఊదారు, మంత్రం పాడారు. నేనూ అందరితోపాటే చేశాను. వంగడం చేతకాదని నేను నవ్విన మనుషుల మధ్య వాళ్లలాగే వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను.

"అంతా వదిలేయండి," అంది మేడమ్. "ఆగండి."

హాలు ఆగిపోయింది. అంతమంది ఉన్న గదిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. కింద షాపు మూసేశారు. వీధిలోనూ ఏమీ లేదు.

వెనకనుంచి ఎవరో గాలి తీసుకున్నారు. తీరుబడిగా తీసుకుని, తీరుబడిగా వదిలారు. ఆఖర్న సన్నగా ఈల వచ్చింది.

అది అమ్మే. నాకు ఒక్క రవ్వ కూడా అనుమానం రాలేదు. భయపడాల్సింది, కానీ ముందు ప్రాణం లేచొచ్చింది. ఎంత బెంగ పెట్టుకున్నానో నాకే తెలియదు. మేడమ్ "తీసుకోండి" అంది. అందరూ గాలి పీల్చుకున్నారు. చెల్లి పీల్చలేదు. నేనూ పీల్చలేదు. పీలిస్తే ఆ ఈల పోతుంది. చెల్లిని మధ్యాహ్నం పిచ్చిదన్నాను గానీ, ఆ సుఖం ఏమిటో అప్పుడు తెలిసింది.

మేడమ్ వచ్చి చెల్లి వీపు తట్టింది. ఇంకోసారి గట్టిగా తట్టింది. చెల్లి తీయలేదు. దాని మొహం నాకు పక్కనుంచి కనిపిస్తోంది. పెదాలు నల్లబడుతున్నాయి, నవ్వుతోంది. తల మెల్లగా వెనక్కి, చాపవైపు వాలుతోంది.

మాట్లాడాలంటే గాలి పీల్చాలి. పీల్చాను.

"అమ్మా," అన్నాను. "లే అమ్మా. దాన్ని వదిలెయ్యి."

ఈల ఆగలేదు. తీసి, వదిలి, ఈల. అమ్మా అంటే ఈ హాల్లో ఎప్పుడు పలికింది గనక?

లేచి ముందుకి వెళ్లాను, రోజూ పొద్దున్న నేను నిలబడేచోటికి. మొహం తుడుచుకున్నాను. గొంతులో ఏడుపు లేకుండా చూసుకున్నాను.

"వెనకాల వాళ్లకి వినిపిస్తోందా అండీ?"

ఈల ఆగింది. వినడానికి ఆగినట్టు ఆగింది.

"వేళ్లు కదపండి."

చాప మీద గోళ్లు గీరిన చప్పుడైంది. హాల్లో ఒక్కరూ కదలలేదు.

"కుడివైపుకి తిరగండి. చేతి ఊతతో లేచి కూర్చోండి."

మోకాలు టక్కుమన్న చప్పుడు. అమ్మ కుడి మోకాలు ఎప్పుడూ అలాగే అనేది. టీచరు కళ్లు తెరిచే ఉండాలి కాబట్టి చూశాను. చాప మీద ఎవరూ లేరు. కానీ దాని కొసలు రెండూ నేలకి అంటుకుని ఉన్నాయి.

"అరచేతులు రుద్ది కళ్ల మీద పెట్టుకోండి."

పొడి చేతులు రాసుకున్న చప్పుడు వినిపించింది. ఇక ఒక్క మాటే మిగిలింది. అది చెప్పకుండా ఉండిపోవాలనిపించింది. రోజూ సాయంత్రం ఇలాగే వచ్చి కూర్చోవచ్చు, ఎన్నాళ్లయినా వినొచ్చు. చెల్లి తల ఇంకాస్త వాలింది.

"మెల్లగా," అన్నాను, "కళ్లు తెరవండి."

చాప కొసలు రెండూ మళ్లీ పైకి ముడుచుకున్నాయి.

తర్వాత ఏమీ వినిపించలేదు. ఇప్పుడు హాలు నిజంగా ఖాళీ అయింది. ఆ ఖాళీలో ఎవరో గాలి పీల్చారు, పెద్దగా, గొంతు చీరుకుపోయేలా. ఒక్క క్షణం అమ్మే అనుకున్నాను. అమ్మే అవ్వాలనుకున్నాను కూడా. కానీ వదిలినప్పుడు ఆఖర్న ఈల రాలేదు. అది చెల్లి.

నేను దాని దగ్గరికి వెళ్లేసరికి చేత్తో చాపంతా తడుముతోంది. నన్ను చూసి కళ్లెర్రజేసింది.

"పంపించేశావా?" అంది. "నన్నడక్కుండా పంపించేశావా? ఎవరే నువ్వు పంపించడానికి? నీకొక్కదానికేనా అమ్మ? నీ నోరు పడిపోను!"

గుప్పిళ్లతో నా భుజాల మీద కొట్టింది. ఒకటి కాదు, నాలుగు కాదు, చిన్నప్పట్నుంచీ దాచుకున్నవన్నీ అంది. నేను దాని వీపు మీద అరచెయ్యి ఆనించాను. ఎముకల కింద ఊపిరి ఎగిసిపడుతోంది. తిట్టాలంటే ఊపిరి కావాలి.

"ఇంకా తిట్టవే," అన్నాను. "ఆపకు."