కంప్రెషన్ తగ్గించిన రేకు

నేను ఒక రాగి రేకుని. మందం రెండు మిల్లీమీటర్లు. ఒంటి నిండా రంధ్రాలు. పుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో, మస్తాన్ అనే మెకానిక్ చేతుల్లో. ఇంజను బ్లాకుకీ, దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కీ మధ్య పడుకోవడం నా ఉద్యోగం. పైన ఒకరు, కింద ఒకరు నొక్కుతుంటే మధ్యలో బతికేవాళ్ళు ఎవరినీ తొందరగా నమ్మరు. నేనూ అంతే.

నన్ను బిగించింది గుండ్రటి దీపాల పాత చిన్న కారుకి. అది హైమవతి గారిది. వాళ్ళ నాన్న ముప్ఫై ఏళ్ళు నడిపి, పోయేముందు తాళం ఆవిడ చేతిలోనే పెట్టాడు. ఆ ఇంజను చప్పుడు వింటే ఆయన గొంతు సవరించుకున్నట్టుంటుందని ఆవిడ అనుకుంటారు. దానికి టర్బో పెట్టించాలన్న సరదా మాత్రం భర్త కోదండపాణి గారిది.

టర్బో అంటే ఇంజనులోకి గాలిని బలవంతంగా కూరే పంకా. అంత గాలినీ మునుపటంత ఇరుకులో నొక్కితే పెట్రోలు వేళకాని వేళ మండి పిస్టన్ని కొరికేస్తుంది. నేను మధ్యలో దూరితే లోపల కాస్త చోటు పెరుగుతుంది, నొక్కుడు, అంటే కంప్రెషన్, తగ్గుతుంది. ఈ నాలుగు ముక్కలూ ఆవిడకి ఎవరూ చెప్పలేదు. కోదండపాణి గారు ఫోన్లో మస్తాన్‌తో "కంప్రెషన్ తగ్గించెయ్" అనడం మాత్రం ఆవిడ వంటింట్లోంచి విన్నారు.

ఆ మాట ఆవిడకి కొత్త కాదు. అయిదేళ్ళ కిందట "కంప్రెషన్ పోయింది, ఇంకెందుకూ పనికిరాదు" అనే ఆయన ఆవిడ స్కూటర్ని అమ్మేశారు. మన ఊళ్ళలో కంప్రెషన్ పోయిందంటే ఇంజను చచ్చిందనేగా అర్థం! ఉన్నదాన్ని డబ్బిచ్చి మరీ తగ్గిస్తున్నారంటే కారుకీ అదే గతి పట్టిస్తున్నారని ఆవిడ తేల్చుకున్నారు.

మస్తాన్ పని ముగించాక, ఆయన ఊళ్ళో లేని రోజు చూసి కారుని గుడివాడ తీసుకెళ్ళారు. అక్కడి మెకానిక్ వీర్రాఘవులు గేజి పెట్టి చూసి పెదవి విరిచాడు.

"నూట ఇరవయ్యే చూపిస్తందమ్మా. నూట అరవై ఉండాలి."

"నేననుకున్నదే! విప్పు."

విప్పాడు. నన్ను రెండు వేళ్ళతో ఎత్తి చూపించాడు. "ఇంత లావు రేకా? ఎవడమ్మా ఈ పెద్దమనిషి?"

"మరి ఆ టర్బో ఉందిగా, ఫర్వాలేదా?"

"టర్బో గిర్బో నాకు తెలీదు. మీ కంప్రెషన్ మీకొచ్చేస్తది."

తెలీదన్నవాడి ధైర్యం చూసి నా ఒళ్ళు చల్లబడింది. నా స్థానంలో నాలాంటిదే పల్చటి గ్యాస్కెట్ వేసి బిగించాడు. భర్తకి చూపించడానికి సాక్ష్యంగా నన్ను కూరల సంచిలో, గోంగూర కట్టల పక్కన పడేశారు హైమవతి గారు.

తిరుగుదారిలో బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆవిడ గట్టిగా తొక్కారు. టర్బో ఈల వేసింది. ఆ వెంటనే స్టీలు గ్లాసులో గులకరాళ్ళు వేసి ఊపినట్టు టకటకమని చప్పుడు. ఆవిడ చటుక్కున కాలు తీసి, బండిని పక్కకి ఆపి, మస్తాన్‌కి ఫోన్ చేశారు. జరిగిందంతా చెప్పారు.

"ఆ రేకు తీయించేశారా! ఇంకో అడుగు కూడా నడపమాకండి మేడం. కంప్రెషన్ ఎక్కువైపోయింది."

"ఎక్కువైతే మంచిదేగా?"

"మూడు గ్లాసుల కుక్కర్లో అయిదు గ్లాసులు పోసి మూత బిగిస్తారా మీరు?"

ఆవిడ సంచిలోకి వంగి నన్ను చూశారు.

"ఈ మాట మొదట్లోనే చెప్పి ఏడవచ్చుగా!"

"మేడం‌కి ఇయ్యన్నీ ఎందుకులే అన్నారండీ సార్."

బండిని మస్తాన్ షెడ్డుకి లాక్కెళ్ళి హెడ్ విప్పారు. ఒక పిస్టన్ అంచున చిన్న గాటు. ఇంకో కిలోమీటరు నడిపుంటే నాన్న ఇంజను తుక్కేనన్నాడు మస్తాన్. ఆవిడ ఆ గాటుని వేలితో తడిమి కళ్ళు తుడుచుకున్నారు. వారంలో కొత్త పిస్టన్ వచ్చింది. నన్ను ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచి మెత్తబరిచి, మళ్ళీ నా చోట పడుకోబెట్టారు. ఆవిడ ముక్కాలిపీట వేసుకుని ప్రతి బోల్టూ బిగించేదాకా కదల్లేదు. గేజి కూడా తనే చదివారు. నూట ఇరవై.

అప్పుడొచ్చారు కోదండపాణి గారు. "నాకో మాట చెప్తే పోయేది కదా హైమా" అంటూ తాళం కోసం చెయ్యి చాపారు.

"మీరు చెప్పారా? అటు కూర్చోండి."

"టర్బో బండి నడపడం నీకేం తెలుసు?"

"టకటకమంటే కాలు తీయాలని తెలుసు. మీకు తెలుసా?"

హెడ్ కింద ఉన్నదాన్ని, నాకు కనపడేదీ ఏమీ లేదు. మనిషి అంత తేలిగ్గా తగ్గుతాడా అని అనుమానంగానే చెవులొగ్గాను.

ముందు ఎడమ తలుపు పడింది. ఆ తరవాతే స్టీరింగు వైపు కుడి తలుపు.