కల్యాణి అకౌంట్

సిరిసిల్లల కల్యాణి ఇంట్లనే కంప్యూటర్ మీద చీరల అంచులకు డిజైన్లు గీస్తది. భర్త శ్రీధర్ దుబాయ్ పోయేముందు ఆ కంప్యూటర్ కొని, అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ తన పేరు మీద ఉంచుకొని, ఆమెకు మామూలు అకౌంట్ చేసిచ్చిండు. కొత్తది ఏది ఎక్కియ్యాలన్నా పాస్‌వర్డ్ అడుగుతది. శ్రీధర్ అన్నం తినే టైమ్‌ల దుబాయ్ నుంచే నెట్ మీద ఈ కంప్యూటర్ తెరిచి ఆ పాస్‌వర్డ్ కొడుతడు.

మంగళవారం పొద్దుగాల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే గాని ఫైలు తెరుచుకోనన్నది. మరమగ్గాల ఆసామి గోవర్ధన్ డిజైన్ కోసం రెండుసార్లు ఫోన్ చేసిండు. మధ్యాహ్నానికి శ్రీధర్ దొరికిండు.

"ఆగు, నేను కొడుత," అన్నడు.

"వద్దు. నా అకౌంట్‌నే అడ్మినిస్ట్రేటర్ చెయ్యి. రెండేండ్ల సంది నీ తిండి టైమ్ కోసం చూస్తున్న."

"ఏదన్న తప్పు నొక్కితే డిజైన్లన్నీ పోతయని భయపడ్డ," అన్నడు శ్రీధర్.

"ఇన్నొద్దులు ఏమన్న పోయినయా?"

"పోలే," అని తన పాస్‌వర్డ్ చెప్పిండు.

కల్యాణి ఆయన అకౌంట్ తెరిచి, సెట్టింగ్స్‌ల తన పేరు నొక్కి, స్టాండర్డ్ ఉన్నకాడ అడ్మినిస్ట్రేటర్ అని మార్చింది. మల్ల తన అకౌంట్‌లకొచ్చి అప్‌డేట్ ఎక్కిచ్చింది. ఈసారి పాస్‌వర్డ్ అడగలే, అవునా కాదా అనే అడిగింది.

"ఎరుకలేనిది ఏదన్న అడిగితే ఊకె అవునని నొక్కకు," అన్నడు శ్రీధర్.

"చదివే నొక్కుత."

నాలుగింటికల్లా గోవర్ధన్‌కు డిజైన్ చేరింది. తెల్లారి శ్రీధర్ ఫోన్ చేస్తే కంప్యూటర్ ముచ్చటే రాలే. ఏం కూర వండుకున్నవని అడిగింది కల్యాణి.