మణికట్టు మీది అరగంట

పరీక్షలొస్తే ప్రత్యేక తరగతి టీచర్ హాలు గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, చేతి గడియారం తీసి పక్కన పెట్టుకునేది. చదవడం కష్టమైన పిల్లలకు అదనంగా అరగంట ఇవ్వాలని నియమం. ఆ అరగంట ఎక్కడి నుంచో రావాలి కదా! పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఆవిడ మణికట్టు పట్టుకుని, కావలసింది తీసుకుని, మళ్ళీ రాసుకోవడానికి వెళ్ళిపోయేవారు. పిల్లల అరగంటంటే పెద్దవాళ్ళకి ఏడాది. నలభై కూడా దాటని మనిషి, నెరిసిన తలతో గోడ పట్టుకుని మెట్లు దిగుతుంటే తోటి టీచర్లు సంచీ అందుకునేవారు. అంతే.

ఆ తరగతిలో ఒకమ్మాయిని లెక్కలపిట్ట అనేవారు. అంకె కనబడితే జవాబు నాలిక చివరే ఉండేది. అక్షరాలంటే మాత్రం హడలు. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోయేది.

"ఒక్క పేరా చదవలేని దద్దమ్మవి, నీకు లెక్కలెందుకే?" అని పెద్ద మేడం అందరి ముందూ కడిగేసేది.

"ప్రశ్నలు చదివి వినిపిస్తే చాలు మేడం, వీళ్ళకి అరగంట అక్కర్లేదు," అని టీచర్ ఎన్నిసార్లో మొత్తుకుంది.

"అదంతా కుదరదు. అరగంట ఇస్తున్నాంగా!" అనేది పెద్ద మేడం. ఇచ్చేది తనైనట్టు!

ఈసారి భాష పరీక్షలో లెక్కలపిట్ట టీచర్ మణికట్టు పట్టుకుని, చటుక్కున వదిలేసింది.

"అడుగంటిపోయింది టీచర్. నాకొద్దు."

"తీసుకో తల్లీ. తప్పితే నిన్ను బడిలో ఉంచరు."

పిల్ల ఏడుస్తూనే తీసుకుంది. ఆ సాయంత్రం టీచర్‌ని ఇద్దరు పట్టుకుని ఇంటికి చేర్చారు. ఇంకొక్క అరగంట తీస్తే మనిషి దక్కదని అందరికీ తెలుసు. మర్నాడు కుర్చీ మళ్ళీ గుమ్మం పక్కనే వేశారు.

ఆ రోజు లెక్కల పరీక్ష. మిగతావాళ్ళు మొదటి పేజీలో ఉండగానే లెక్కలపిట్ట ముగించి లేచింది. వెళ్ళి టీచర్ మణికట్టు పట్టుకుంది. తీసుకోలేదు, తనకి మిగిలిన టైములోంచి ఇచ్చింది. ఈ పిల్లల దగ్గర ఇవ్వడానికేముంటుందని ఇంతవరకూ ఎవరికీ తోచనేలేదు. టీచర్ నడుం నిటారైంది. పాపిట పక్కన జుట్టు నల్లబడింది. ఆవిడకి దుఃఖం ఆగలేదు.

"ఇంకా బోలెడు మిగిలింది టీచర్!" అని పిల్ల సంబరంగా అరిచింది.

టీచర్ గబుక్కున దాని నోరు మూసింది. అప్పటికే ఆలస్యమైపోయింది. హాలు అవతలి మూల పెద్ద మేడం తన నెరిసిన జుట్టు సర్దుకుంటూ లేచింది. వస్తూ వస్తూ తలుపు గడియ పెట్టింది.

"లెక్కలు నీకింత బాగా వచ్చని ఇన్నాళ్ళూ నేను గమనించనేలేదు బంగారం," అంది, గడియారం విప్పి చెయ్యి చాస్తూ.